వేప్‌కు ఏ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది? పాడ్, కంపెనీ ఫర్మ్‌వేర్, ఆర్కిటిక్‌ఫాక్స్, ఎస్క్రైబ్

మొన్న శనివారం సాయంత్రం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మా ఇంటికి తెలిసిన కుర్రాడు ఒకడు వచ్చాడు. నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే మాస్టర్స్ చేసి, ఉద్యోగంలో చేరాడు. జేబులోంచి వేప్ (ఈ–సిగరెట్) తీసి టేబుల్ మీద పెట్టి, "అన్నా, దమ్ము లాగితే మాడు వాసన వస్తోంది. కొత్త ఫర్మ్‌వేర్ వేస్తే పోతుందంట కదా, నీ ల్యాప్‌టాప్‌లో వెయ్యవా?" అన్నాడు. లిక్విడ్ పోసే ట్యాంక్ విప్పి చూశాను. కింద పిన్ను చుట్టూ లిక్విడ్ చేరి జిగురుగా ఉంది. లిక్విడ్‌ను వేడి చేసే తీగ చుట్ట, అంటే కాయిల్, దాని లోపలి దూది మధ్యలో గోధుమ రంగుకు తిరిగింది. టిష్యూతో పిన్ను తుడిచి, కొత్త కాయిల్ బిగించి, లిక్విడ్ పోసి, "పది నిమిషాలు ముట్టుకోకు, దూది బాగా తడవాలి" అని చెప్పాను. ఆ తర్వాత మాడు వాసన లేదు. ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్, మార్చే అవసరమే రాలేదు.

ఆ పది నిమిషాల్లో వాడు వరసపెట్టి అడిగాడు. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది, ఏ చిప్ కొనాలి, పాతదాన్ని మార్చుకోవచ్చా, మామూలు పాడ్ (లిక్విడ్ గుళిక మార్చుకుంటూ వాడే చిన్న వేప్) చాలదా అని. అవే ప్రశ్నలు ఇంకా చాలామందికి ఉంటాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ విషయంలో నేను చూసేది ఒక్కటే: ఏదైనా తేడా వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో అది చూపిస్తుందా లేదా? ఎన్ని వాట్లు వస్తాయి, తెర మీద ఏ బొమ్మ పెట్టుకోవచ్చు అన్నవి దాని తర్వాతే.

ఇది ఎవరి కోసమో ముందే చెప్పాలి

సిగరెట్ మానడానికి వేప్‌కు మారిన పెద్దవాళ్ల కోసం, అది చట్టబద్ధమైన దేశాల్లో ఉంటున్నవాళ్ల కోసం రాస్తున్నాను. సిగరెట్ అలవాటే లేనివాళ్లు దీని జోలికి రావద్దు. నికోటిన్ ఒకసారి పట్టుకుంటే వదలదు. సిగరెట్ కంటే నష్టం తక్కువ అన్నంత మాత్రాన నష్టమే లేదని కాదు.

భారతదేశంలో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్స్ వచ్చింది, అదే ఏడాది చట్టమైంది. ఈ–సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. దిగుమతి, అమ్మకం లాంటివాటికి మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కాబట్టి సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకుని హైదరాబాద్ విమానాశ్రయంలో దిగే ఆలోచన వద్దు. ఇంట్లోనే వదిలేసి వెళ్లండి. సింగపూర్‌లో 2018 ఫిబ్రవరి నుంచి దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి ఫార్మసీల్లో తప్ప అమ్మకూడదు. బ్రిటన్‌లో 18 ఏళ్లు నిండినవాళ్లకు అమ్మవచ్చు. అయితే నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, ట్యాంక్ 2 మిల్లీలీటర్లు, నికోటిన్ లిక్విడ్ సీసా 10 మిల్లీలీటర్లు మించకూడదు. 2025 జూన్ 1 నుంచి ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకం ఆగిపోయింది. మా కుర్రాడిలాంటి చాలామంది ఆ తర్వాతే నింపుకుని, ఛార్జ్ చేసుకుని వాడే పరికరాల వైపు వచ్చారు. ఈ తికమక అంతా అక్కడే మొదలైంది.

కేబుల్ పెట్టే ముందు చూడాల్సినవి

నా దగ్గరికి వచ్చిన "సాఫ్ట్‌వేర్ సమస్య"ల్లో ఎక్కువ వాటికి మందు టిష్యూ పేపరే. పరికరానికీ ట్యాంక్‌కూ మధ్య మరలు ఉన్న చోటును 510 కనెక్షన్ అంటారు. అక్కడ లిక్విడ్ చేరినా, మర వదులైనా, రెసిస్టెన్స్ లెక్క తప్పుతుంది. తెర మీద "చెక్ అటామైజర్" అనో "నో అటామైజర్" అనో వస్తుంది (అటామైజర్ అంటే కాయిల్ ఉన్న ట్యాంకే). ట్యాంక్ తీయండి, రెండు వైపులా తుడవండి, కాయిల్‌ను ట్యాంక్ లోపల మళ్లీ బిగించండి. బిగించడం అంటే వేళ్ల బలం చాలు, శ్రావణం అక్కర్లేదు. బలంగా తిప్పితే పిన్ను లోపలికి నొక్కుకుపోయి కొత్త సమస్య మొదలవుతుంది.

ఇక కేబుల్ సంగతి. కంప్యూటర్ పరికరాన్ని గుర్తించడం లేదంటే చాలాసార్లు తప్పు కేబుల్‌దే. కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఛార్జ్ ఎక్కుతుంది కాబట్టి కేబుల్ బాగానే ఉందనుకుని మనం డ్రైవర్లు తీసి వేస్తూ గంటలు పోగొట్టుకుంటాం. నేను ఒక ఆదివారం మధ్యాహ్నమంతా అలాగే గడిపాను. ఫోన్ నుంచి ఫొటోలు ఎక్కించుకోవడానికి పనికొచ్చే కేబుల్ ఏదో చూసి, దానికి ఒక రంగు టేపు చుట్టి పెట్టుకోండి.

బ్యాటరీ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే ప్రమాదం ఉన్నది అక్కడే.

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు ఓమ్ నియమం గుర్తుంటుంది. వోల్టేజీని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంటు. కానీ చిప్ ఉన్న పరికరంలో బ్యాటరీ మీద పడే భారం కాయిల్ ఓమ్‌లను బట్టి ఉండదు, మనం పెట్టిన వాట్లను బట్టి ఉంటుంది. వాట్లను బ్యాటరీ వోల్టేజీతో భాగించాలి. చిప్ తినేసే పది శాతం నష్టాన్ని కూడా కలుపుకోవాలి. ఒకే 18650 (విడిగా తీసి మార్చుకునే లిథియం బ్యాటరీ సైజు ఇది) బ్యాటరీ ఉన్న పరికరంలో 75 వాట్లు పెట్టారనుకోండి. బ్యాటరీ దిగిపోతూ 3.2 వోల్టులకు వచ్చేసరికి అది ఇవ్వాల్సిన కరెంటు దాదాపు 26 ఆంపియర్లు. శాంసంగ్ 25ఆర్ బ్యాటరీ పరిమితి 20 ఆంపియర్లు, 30క్యూ పరిమితి 15. అంటే పెట్టె మీద 75 వాట్లు అని రాసి ఉన్నా, ఆ వాట్లు వాడుకోదగినవని అర్థం కాదు. 50 వాట్లకు ఇదే లెక్క వేస్తే 17 ఆంపియర్లు దాటుతుంది. 25ఆర్‌కు సరే, 30క్యూకు ఎక్కువే. 40 వాట్లకు 14 లోపు వస్తుంది. ఒక్క బ్యాటరీ పరికరాల్లో నేను 40 దాటను. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా గరిష్ఠ వాట్ల పరిమితిని అక్కడే పెట్టుకుంటాను, చెయ్యి జారి బటన్ నొక్కినా అది దాటకుండా.

"బ్యాటరీ సగం ఉంది, అయినా వీక్ బ్యాటరీ అంటోంది" అనేది ఇంకో ఫిర్యాదు. బ్యాటరీ పాతబడే కొద్దీ దాని లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. 50 వాట్ల దగ్గర సుమారు 16 ఆంపియర్లు లాగుతున్నప్పుడు లోపలి రెసిస్టెన్స్ 0.05 ఓమ్ ఉంటే, 0.8 వోల్టు అక్కడే పోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు 3.7 చూపించిన బ్యాటరీ దమ్ము లాగగానే 2.9కి పడిపోతుంది. చిప్ భయపడి ఆగిపోతుంది. అది చిప్ చేసిన మంచి పని. సాఫ్ట్‌వేర్‌లో ఆ కటాఫ్‌ను, అంటే చిప్ ఆగిపోయే వోల్టేజీని, కిందికి లాగి "సరిచేసుకున్న"వాళ్లను చూశాను. దయచేసి అలా చేయొద్దు, బ్యాటరీ మార్చండి. పైన ప్లాస్టిక్ పొర చిరిగినా సరే పక్కన పెట్టాల్సిందే, ఎందుకంటే 18650కి ఒళ్లంతా నెగెటివే. పాజిటివ్ కొస పక్కనే ఉంటుంది కాబట్టి జేబులో తాళం చెవులతో కలిపి వేసుకోకూడదు. రెండు బ్యాటరీల పరికరమైతే ఒకే రోజు కొన్న జతను ఎప్పుడూ జతగానే వాడాలి, జతగానే ఛార్జ్ చేయాలి. 9900 ఎంఏహెచ్ అని రాసిన 18650 కనిపిస్తే అది అబద్ధమని తెలుసుకోండి.

పాడ్: సాఫ్ట్‌వేర్ లేకపోవడమే దాని సుగుణం

వేపరెస్సో ఎక్స్‌రాస్, యూవెల్ కాలిబర్న్ లాంటి చిన్న పాడ్‌లకు కంప్యూటర్‌తో పని లేదు. లాగితే వెలుగుతుంది, పాడ్ పాతబడితే కొత్తది వేసుకోవాలి. తేడా వచ్చినప్పుడు చూడాల్సినవి మూడే: పాడ్ అడుగున లిక్విడ్ చేరిందా, బ్యాటరీ మీది రాగి చుక్కలు మురికి పట్టాయా, పాడ్ అయిపోయిందా. బ్యాటరీ లోపలే ఉంటుంది కాబట్టి పైన చెప్పిన లెక్కలేవీ మీ నెత్తిన పడవు.

సిగరెట్ మానడం ఒక్కటే మీ ఉద్దేశమైతే ఇక్కడితో చదవడం ఆపేసి పాడ్ తీసుకోండి. నిజంగానే చెబుతున్నాను. బ్రిటన్ ప్రభుత్వం 2023లో పది లక్షల మంది పొగతాగేవాళ్లకు ఉచిత వేప్ కిట్లు ఇస్తామని ప్రకటించింది. మీ ప్రాంతంలో సిగరెట్ మాన్పించే ఎన్‌హెచ్‌ఎస్ సేవలో ఒకసారి అడిగి చూడండి. అక్కడివాళ్లు నికోటిన్ ఎంతతో మొదలుపెట్టాలో, ఎప్పుడు తగ్గించాలో కూడా కూర్చోబెట్టి చెబుతారు. ఆ మాట ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు.

కంపెనీ ఫర్మ్‌వేర్: ఉన్నంతలో ఫరవాలేదు

జాయ్‌టెక్, విస్మెక్, ఎలీఫ్ పరికరాలకు కంపెనీలే అప్‌డేట్ ప్రోగ్రామ్ ఇచ్చేవి. ఫర్మ్‌వేర్ కొత్తది వేసుకోవచ్చు, కొన్నిట్లో చిన్న నలుపు–తెలుపు బొమ్మను లోగోగా ఎక్కించవచ్చు. అంతకు మించి పెద్దగా ఏమీ ఉండదు. ఎం1, ఎం2, ఎం3 అని మూడు గదులు ఉంటాయి, తీగ వేడెక్కితే రెసిస్టెన్స్ ఎంత పెరుగుతుందో చెప్పే అంకెను తీగ రకాన్ని బట్టి పెట్టుకోవడానికి. స్టెయిన్‌లెస్ స్టీల్‌కు 80 నుంచి 200 మధ్య, టైటానియంకు 300 నుంచి 400, నికెల్‌కు 600 నుంచి 700. ఇది చాలామంది ముట్టుకోని సెట్టింగ్. కానీ స్టీల్ కాయిల్ వాడేవాళ్లకు ఉపయోగపడేది ఇదొక్కటే.

ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికే గీక్‌వేప్, వూపూ పరికరాల్లో వాళ్ల సొంత చిప్‌లు ఉంటాయి. సెట్టింగ్‌లన్నీ దాదాపు పరికరం బటన్లతోనే. కాయిల్ పెట్టగానే అవే వాట్లు సూచిస్తాయి, కాస్త అటూ ఇటూ మార్చుకుంటే చాలు. రోజూ వాడుకోవడానికి ఏ లోటూ లేదు. నా ప్రశ్నకు మాత్రం ఇక్కడ జవాబు దొరకదు. తేడా వస్తే తెర మీద ఒక చిన్న వాక్యం తప్ప లోపల ఏం జరిగిందో కనిపించదు.

ఆర్కిటిక్‌ఫాక్స్: పాత పరికరానికి కొత్త కళ్లు

న్యూవోటన్ మైక్రోకంట్రోలర్ ఉన్న పాత పరికరాలు, అంటే ఈవిక్ వీటీసీ మినీ, ఐస్టిక్ పికో, రులో ఆర్‌ఎక్స్200 లాంటివి, అలమరలో పడి ఉంటే పారేయకండి. వాటి కోసం బయటివాళ్లు తయారుచేసిన ఫర్మ్‌వేర్ ఇది. కంప్యూటర్‌లో ఎన్‌ఎఫ్‌ఈ టూల్‌బాక్స్ అనే విండోస్ ప్రోగ్రామ్‌తో నడుస్తుంది. కంపెనీ ఫర్మ్‌వేర్‌లో మూడు గదులు ఉన్నచోట ఇక్కడ ఎనిమిది ప్రొఫైళ్లు ఉంటాయి. ఒక్కో ప్రొఫైల్‌కు వాట్లు, తీగ రకం, ముందు వేడి (ప్రీహీట్) విడివిడిగా పెట్టుకోవచ్చు. బ్యాటరీ డిస్‌ఛార్జ్ వక్రరేఖను మార్చుకోవచ్చు. దమ్ము లాగుతుండగా వాట్లు, వోల్టేజీ, రెసిస్టెన్స్ ఎలా మారుతున్నాయో గ్రాఫ్‌లో చూడవచ్చు. చవకలో ఇంత లోతుగా చూపించేది ఇంకొకటి నాకు తెలియదు.

కానీ కొన్ని మాటలు ఉన్నాయి. దీనికి చాలాకాలంగా కొత్త విడుదలలు లేవు, కాబట్టి కొత్త పరికరానికి పనికొస్తుందని ఆశపడొద్దు. ఫర్మ్‌వేర్ వేసే ముందు పరికరంలోని డేటాఫ్లాష్‌ను (సెట్టింగ్‌లు ఉండే మెమరీని) కంప్యూటర్‌లోకి చదివి ఫైలుగా దాచుకోండి. హార్డ్‌వేర్ వెర్షన్ అంకెను కాగితం మీద రాసుకోండి. ఒకే పేరుతో అమ్మిన పరికరంలోనే బోర్డులు వేరువేరు రకాలు ఉంటాయి. ఆ అంకె తప్పితే తెర తలకిందులు కావచ్చు, అంతకంటే ముఖ్యంగా రెసిస్టెన్స్ తప్పు చూపించవచ్చు. ఫర్మ్‌వేర్ ఎక్కుతుండగా కేబుల్ ఊడితే కంగారు పడకండి. ఫర్మ్‌వేర్‌ను ఎక్కించుకునే చిన్న ప్రోగ్రామ్ (బూట్‌లోడర్) విడిగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు మళ్లీ వేసుకోవచ్చు. ఇక ఎవరో ఎక్కడో పెట్టిన జిప్ ఫైలు తెచ్చుకుని నడపడం మాత్రం వద్దు. మీ బ్యాంకు పాస్‌వర్డులు కూడా అదే ల్యాప్‌టాప్‌లో ఉంటాయి.

నా సలహా: పరికరం ఇప్పటికే చేతిలో ఉంటే, విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే, ఒక వారాంతం తీరిక ఉంటే ఆర్కిటిక్‌ఫాక్స్ వేసుకోండి. దీని కోసమే పాత పరికరాన్ని వెతికి కొనడం మాత్రం అనవసరం.

ఎస్క్రైబ్: నేను వాడేది ఇదే

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న ఎవాల్వ్ సంస్థ డీఎన్ఏ పేరుతో బోర్డులు తయారుచేస్తుంది. వాటి సెట్టింగ్‌లు మార్చే కంప్యూటర్ ప్రోగ్రామే ఎస్క్రైబ్. వాటిని వేరే కంపెనీలు తమ పెట్టెల్లో బిగించి అమ్ముతాయి. లాస్ట్ వేప్ కంపెనీ థీరియన్, సెంటారస్ లాంటివి అలా వచ్చినవే. డీఎన్ఏ 75సీ ఒక్క బ్యాటరీకి, 250సీ అంతకంటే ఎక్కువ బ్యాటరీలకు. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. అదే పెట్టె ఆకారంలో కంపెనీ సొంత చిప్‌తో వచ్చినవీ ఉన్నాయి. పేరులో డీఎన్ఏ అని లేకపోతే ఎస్క్రైబ్ పనిచేయదు.

ఎస్క్రైబ్ తెరవగానే మొదటిసారి భయం వేస్తుంది, అన్ని గదులు, అన్ని అంకెలు. అందులో రోజూ అవసరమయ్యేవి కొన్నే. వాటిలో అటామైజర్ ఎనలైజర్ అన్నిటికంటే ముఖ్యం. పరికరాన్ని కేబుల్‌కు కలిపి అది తెరిస్తే, కాయిల్‌ను వేడి చేయకుండానే దాని రెసిస్టెన్స్‌ను ఆగకుండా కొలుస్తూ ఉంటుంది. పోయిన శీతాకాలం నా ట్యాంక్ ఒక దమ్ముకు బాగా, ఇంకో దమ్ముకు చప్పగా వచ్చేది. ఎనలైజర్ తెరిచి పెట్టాను. 0.50 దగ్గర అంకె నిలబడింది. ట్యాంక్‌ను వేలితో మెల్లగా పక్కకు నెట్టాను, 0.52. వదిలాను, 0.50. మళ్లీ నెట్టాను, 0.53. దొంగ దొరికాడు. కాయిల్ కాలును పట్టి ఉంచే స్క్రూ సగం మర వదులైంది, నేను చుట్టిన కాయిలే, నేను బిగించిన స్క్రూనే. పావు వంతు తిప్పి బిగించాక ఎంత నెట్టినా అంకె కదల్లేదు. ఆ రెండు నిమిషాల పని ఈ సాఫ్ట్‌వేర్ లేకపోతే రెండు కాయిల్‌లు, ఒక ట్యాంక్ మార్చి కూడా తెలిసేది కాదు.

0.02 ఓమ్ తేడాకే అంత పట్టింపు ఎందుకంటే, ఉష్ణోగ్రత నియంత్రణ మొత్తం దాని మీదే నడుస్తుంది. స్టీల్ తీగ వేడెక్కితే రెసిస్టెన్స్ కొంచెం పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి 0.0009 వంతు చొప్పున అనుకుందాం. గదిలో 20 డిగ్రీల దగ్గర 0.50 ఉన్న కాయిల్ 220 డిగ్రీలకు చేరితే 0.59 అవుతుంది. ఆ 0.09 ఓమ్ పెరుగుదలను చూసే చిప్ "చాలు" అని కరెంటు తగ్గిస్తుంది. లోపల థర్మామీటర్ ఏమీ లేదు. అందుకే వదులు స్క్రూ వల్ల 0.02 ఊగితే, చిప్ దృష్టిలో అది 44 డిగ్రీల తేడా.

ఇంకో పొరపాటు అంతకంటే ప్రమాదకరం. వేడిగా ఉన్న ట్యాంక్‌ను విప్పి మళ్లీ బిగిస్తారు. "కొత్త కాయిలా?" అని పరికరం అడుగుతుంది. అవునని నొక్కేస్తారు. అప్పుడు కాయిల్ ఇంకా వేడిగా ఉండి 0.53 చూపిస్తుంటే, చిప్ దాన్నే చల్లటి లెక్కగా రాసుకుంటుంది. ఆ తర్వాత తెర మీద 220 అనే ఉంటుంది, కాయిల్ మాత్రం దాదాపు 300 డిగ్రీల దాకా పోతుంది. లిక్విడ్‌లోని ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ మరీ వేడెక్కినప్పుడు, దూది ఎండినప్పుడు ఫార్మాల్డిహైడ్ లాంటి విషాలు పుడతాయి. కాబట్టి మాడు వాసన కేవలం రుచి సమస్య అనుకోకండి. అది వచ్చిన క్షణం ఆపేయాలి. ట్యాంక్ విప్పితే పూర్తిగా చల్లారే దాకా ఆగి, అప్పుడే బిగించాలి. డివైస్ మానిటర్‌లో కోల్డ్ ఓమ్స్, లైవ్ ఓమ్స్ అని రెండు గీతలు విడివిడిగా కనిపిస్తాయి కాబట్టి, ఈ పొరపాటు జరిగిందో లేదో ఎస్క్రైబ్‌లో చూసి చెప్పొచ్చు. చలికాలంలో రాత్రంతా కారులో వదిలేసిన పరికరం పొద్దున నీరసంగా పనిచేస్తే కూడా ఇక్కడే చూడాలి. గది వెచ్చదనానికి వచ్చాక సర్దుకుంటుంది.

కాంథాల్ తీగకు ఇదంతా వర్తించదు. దాని రెసిస్టెన్స్ వేడికి దాదాపు మారదు. దాన్ని వాట్ల పద్ధతిలోనే వాడాలి. ఆ తీగ వాడేవాళ్లు ఉష్ణోగ్రత కోసం డబ్బు పెట్టి డీఎన్ఏ కొనడంలో అర్థం లేదు.

డీఎన్ఏ రంగుల తెర బోర్డుల్లో రీప్లే అనే సదుపాయం ఉంది. ఒక దమ్ము నచ్చితే దాన్ని దాచుకోవచ్చు, తర్వాతి దమ్ములను చిప్ అదే తీరులో ఇస్తుంది. డిగ్రీలు, అంకెలు చికాకు అనిపించేవాళ్లకు ఇది సుఖం. నాకు కూడా స్టీల్ కాయిల్‌తో బాగా కుదిరింది. బ్యాటరీ శాతం తప్పు చూపిస్తుంటే, ఉదాహరణకు 40 శాతం ఉండగానే ఆగిపోతుంటే, ఎస్క్రైబ్‌లో మోడ్ అనే గదిలో వాట్–అవర్ల అంకె చూడండి. 25ఆర్‌కు 9, 30క్యూకు 10.8 దగ్గర ఉండాలి. బ్యాటరీ మార్చి ఈ అంకె మార్చకపోవడం మామూలుగా జరిగేదే. పక్కనే మోడ్ రెసిస్టెన్స్ అని ఇంకో అంకె ఉంటుంది. అది తయారీదారు కొలిచి పెట్టింది, కదిలించకండి. ఏది మార్చే ముందైనా పరికరంలోని సెట్టింగ్‌లను డౌన్‌లోడ్ చేసి తేదీ వేసి ఫైలుగా దాచుకోండి.

తెర అందాలు కూడా ఉన్నాయి, రంగులు, బొమ్మలు, అక్షరాల సైజులు, అన్నీ థీమ్ డిజైనర్‌లో మార్చుకోవచ్చు. నేను మాత్రం తెర మీద రెండే పెద్దగా పెట్టుకున్నాను: రెసిస్టెన్స్, బ్యాటరీ వోల్టేజీ. ఆ రెండూ కళ్ల ముందుంటే సగం తేడాలు ముందే తెలుస్తాయి.

యీహీ వాళ్ల ఎస్‌ఎక్స్ చిప్‌లకు కూడా సొంత సాఫ్ట్‌వేర్ ఉంది. దమ్ము మొదట్లో ఎంత, చివర్లో ఎంత అని వక్రరేఖ గీసుకోవచ్చు. రుచి కోసం చూసేవాళ్లు దాన్ని మెచ్చుకుంటారు. తప్పు వెతకడానికి నాకు ఎస్క్రైబే నచ్చింది.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

సిగరెట్ మానడమే పని అయితే పాడ్. ఇందులో రెండో ఆలోచన లేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే కూడా పాడే మేలు. విడి బ్యాటరీలు, కత్తెరలు, తీగలు ఇల్లంతా ఉండవు. లిక్విడ్ సీసా మాత్రం ఏ పరికరమైనా తాళం వేసే చోటే, నికోటిన్ పిల్లలకు విషం.

పాడ్ చాలడం లేదు, కానీ కంప్యూటర్ ముందు కూర్చునే ఓపిక లేదు అనేవాళ్లకు కంపెనీ కాయిల్‌లు వేసుకునే మామూలు పరికరం. కాయిల్ మీద రాసిన వాట్లలో కింది అంకెతో మొదలుపెట్టండి.

పాత ఐస్టిక్ పికో లాంటిది చేతిలో ఉన్నవాళ్లకు ఆర్కిటిక్‌ఫాక్స్. స్టీల్ కాయిల్ సొంతంగా చుట్టుకుని, ఉష్ణోగ్రత అదుపులో పెట్టుకోవాలని పట్టుదల ఉన్నవాళ్లకు డీఎన్ఏ, ఎస్క్రైబ్. ఈ ఆఖరి రకం వాళ్లు తక్కువమందే. మీరు అందులో ఒకరో కాదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష: పైన 0.50, 0.59 లెక్క చదువుతుంటే మీకు కాగితం తీసుకుని వేసి చూడాలనిపించిందా? అనిపిస్తే కొనండి.

వీటిలో ఏది తీసుకున్నా, సొంతంగా మార్చుకోవడం అనేది పరికరంతోనే ఆగాలి, లిక్విడ్ దాకా పోకూడదు. 2019లో అమెరికాలో వేప్ వాడి ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు లేదా చనిపోయారు. నిర్ధారించిన మరణాలు 68. కారణంగా ఎక్కువగా తేలింది గంజాయి సారం కలిపిన లిక్విడ్‌లలోని విటమిన్ ఈ అసిటేట్. దుకాణంలో సీలుతో దొరికే లిక్విడ్ తప్ప ఎవరో కలిపి ఇచ్చింది ట్యాంక్‌లో పోయకండి.

డీఎన్ఏ పరికరం సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే అమ్మేవాళ్ల ఇంటికి ల్యాప్‌టాప్, డేటా కేబుల్, మీ సొంత ట్యాంక్ తీసుకెళ్లండి. ఎనలైజర్ తెరిచి ట్యాంక్ బిగించి, అంకెను ఒక నిమిషం చూడండి. వేలితో నెట్టండి. ట్యాంక్ తీసి మళ్లీ పెట్టండి. మూడుసార్లూ అదే అంకె వస్తే 510 బాగుంది. బ్యాటరీ తలుపు తీసి లోపల స్ప్రింగులు నల్లబడ్డాయా, లిక్విడ్ మరకలు ఉన్నాయా చూడండి. బ్యాటరీలు కూడా కలిపి ఇస్తామంటే వద్దని చెప్పి, వచ్చే దారిలో కొత్తవి కొనుక్కోండి.

మా నెల్లూరు కుర్రాడు ఇదంతా విని, కాసేపు ఎస్క్రైబ్ గ్రాఫ్‌లు చూసి, "నాకు ఇంత వద్దన్నా" అన్నాడు. మర్నాడు పాడ్ కొనుక్కున్నాడు. 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాడు. పండక్కి ఇంటికి వెళ్లేలోపు దాన్ని కూడా మానేయాలని అనుకుంటున్నాడు, అమ్మకు తెలియకముందే.